పికప్ ముందు డిఫరెన్షియల్‌లో అదురు

ప్రశ్న: అమెరికాలోని టెక్సస్‌లో ఉంటున్నాను. నా ఫోర్‌వీల్ డ్రైవ్ పికప్ ముందు భాగాన్ని 2 అంగుళాలు ఎత్తు చేయించినప్పటి నుంచి, గంటకు 40-50 మైళ్ల వేగంలో పాదాల కింద సన్నని అదురు వస్తోంది. చక్రాలు బ్యాలెన్స్ చేయించినా తగ్గలేదు. ఇంట్లోనే సరిచేసుకోవచ్చునా?

జవాబు: చేసుకోవచ్చు, కానీ స్పానర్ పట్టుకునే ముందు ఒక పరీక్ష చేయండి. తడిసిన తిన్నని రోడ్డుపై, బండితో వచ్చిన మాన్యువల్ పుస్తకం అనుమతించే వేగంలో ఫోర్‌వీల్ వేసి చూడండి. అదురు ఠక్కున ఆగిపోతే, డిఫరెన్షియల్ (చక్రాలకు శక్తిని పంచే గేర్ల పెట్టె) లోపల ఎడమ యాక్సిల్‌ను, అంటే ఎడమ చక్రాన్ని తిప్పే ఇరుసును, మోసే నీడిల్ బేరింగ్‌ను (సూదుల్లాంటి సన్నని రోలర్లున్న బేరింగ్) అనుమానించాలి. టూవీల్ డ్రైవ్‌లో కుడి యాక్సిల్ విడిపోయి ఉండే బండ్లలో ఎడమ యాక్సిల్ భారం లేకుండా తిరుగుతుంది. ఎత్తు పెంచడంతో దాని వాలు పెరిగి, బేరింగ్‌లోని కొద్దిపాటి సందులోనే కొట్టుకుంటుంది. ఫోర్‌వీల్‌లో మాత్రమే అదిరితే, ముందు ప్రొపెల్లర్ షాఫ్ట్‌ను (ముందు డిఫరెన్షియల్‌కు శక్తిని తెచ్చే పొడవాటి కడ్డీ) చూడాలి.

బేరింగే కారణమైతే, బండిని జాకీపై వదలకుండా స్టాండ్లపై నిలిపి, ఎడమ చక్రాన్ని, యాక్సిల్‌ను తీయండి. ఆయిల్ కారుతుంది కనుక కింద పళ్లెం ఉంచండి. పాత సీల్‌ను (ఆయిల్ కారకుండా ఆపే వలయం) ఊడదీసి, పుల్లర్ అనే లాగే పనిముట్టుతో బేరింగ్‌ను లాగి, దాని బదులు మీ మోడల్ కొలతకు తయారైన లోహపు బుష్‌ను (గొట్టం లాంటి ముక్క) వంకర పోకుండా దించి, కొత్త సీల్ వేయండి. పాత సీల్‌నే మళ్లీ వేసి పొదుపు చేయడం నాకు నచ్చదు. పూర్తిగా ఆయిల్ మార్చదలిస్తే, నింపే బోల్టు ఊడుతుందని నిర్ధారించుకున్నాకే కింది బోల్టు విప్పండి.