షుగర్ గ్లైడర్‌ను పట్టుకుంటే కరుస్తోంది. గోళ్ళు తీసేదెట్ల? స్నానం చేయించొచ్చా?

షుగర్ గ్లైడర్ అంటే ఉడుతలాగ కనబడే, రాత్రిపూట తిరిగే, ఒంటి చర్మం చాపి చెట్టు నుంచి చెట్టుకు తేలిపోయే చిన్న జీవం. స్నానం సంగతి ముందే చెప్పేస్తా. వద్దు, ఒక్కసారి కూడా వద్దు. మిగతా రెండూ నిజానికి ఒకటే ప్రశ్న. మీరు పట్టుకుంటున్నారు, అందుకే కరుస్తోంది. కరుస్తోంది కాబట్టి గోళ్ళు తియ్యలేకపోతున్నారు. మా ఇంట్లో నాలుగేళ్ళుగా రెండు ఉన్నాయి, రెండూ ఆడవే. మాది అనంతపురం. నేను ఇంటి దగ్గరే బ్లౌజులు కుడతాను. ఈ జీవాల గోళ్ళ కష్టమంతా గుడ్డతోనూ దారంతోనూ వచ్చేదే కాబట్టి ఈ విషయం నాకు బాగా తెలుసు.

మొదటిదాన్ని మా తమ్ముడు బెంగళూరులో కొని మా పాప పుట్టినరోజుకు తెచ్చాడు. అమ్మినాయన “పనేం ఉండదు, జేబులో వేసుకుని తిరగొచ్చు” అన్నాడట. పాప దానికి బెల్లం అని పేరు పెట్టింది. వచ్చి పదో పన్నెండో రోజులయింది. రాత్రి పదిన్నరప్పుడు బోను తలుపు తీస్తే బయటికొచ్చి, మా అత్త కప్పుకున్న బొంత మీదికి దూకింది. అది అత్త తన చేత్తో కుట్టుకున్న బొంత. లోపల పొరల్లో చనిపోయిన మామ పంచెలు ఉన్నాయి. ఏళ్ళ తరబడి వాడడంతో కుట్లు వదులై, దారాలు అక్కడక్కడ ఉంగరాల్లాగ పైకి లేచినాయి. వెనక కాలి గోరు ఒక ఉంగరంలో చిక్కింది. ఒళ్ళు ముందుకు దూకింది, కాలు వెనకే ఆగిపోయింది. మంచం అంచున తలకిందులుగా వేలాడుతూ అరవడం మొదలుపెట్టింది. మిషన్‌లో దారం చుట్టుకుపోయి మోటారు గీపెడుతుందే, అట్లాంటి అరుపు. అరచేయంత లేని ప్రాణి నుంచి అంత చప్పుడు వస్తుందని అప్పటిదాకా మాకెవరికీ తెలీదు.

మా ఆయన గబుక్కున పైనుంచి చెయ్యి వేసి పట్టేశాడు. వేలు కొరికింది. ఆయన చెయ్యి వెనక్కి లాక్కున్నాడు, ఆ ఊపుకు గోరు చీలి రక్తం వచ్చింది. పాప ఏడుపు, టీవీ శబ్దం, ట్యూబులైటు వెలుగు, దాని అరుపు. అప్పుడు మా అత్త ఒక్కమాట అంది: “ఇడిసిపెట్టప్పా దాన్ని. లైటు ఆర్పి అందరూ గమ్మునుండండి.” కొంగు తీసి దాని మీద కప్పి, కింద అరచెయ్యి ఆనించింది. పట్టుకోలేదు, ఆనించింది అంతే. బరువు చేతి మీద పడేసరికి కాలి మీద లాగుడు తగ్గి, అరుపు కూడా తగ్గింది. నేను సెల్‌ఫోన్ లైటు గోడ వైపు తిప్పి, దారాలు తెంపే చిన్న కత్తెర తెచ్చాను. దారం గోటికి బిగుసుకుపోయి ఉంది, కత్తెర మొన దూరే సందు లేదు. “బొంత కోసెయ్ మే” అంది అత్త. అందులో ఏముందో తెలుసు కాబట్టి నా చెయ్యి ఆడలేదు. “పంచె పోతే పోనీ. కాలు పోతే యాడ తెస్తావు?” అంది.

రూపాయి బిళ్ళంత ముక్క గోటి చుట్టూ కత్తిరించాను. అది అత్త ఒళ్ళోకి జారింది. గోబీ మంచూరియాకని తెచ్చిన కార్న్‌ఫ్లోర్ వేలితో తీసి గోటికి అద్ది రెండు నిమిషాలు పట్టుకుంటే రక్తం ఆగిపోయింది. ఆ బొంతకు ఆ చిల్లు ఇప్పటికీ ఉంది. అత్త మాసిక వెయ్యనివ్వలేదు.

ఆ రాత్రి అత్త ఏ పుస్తకమూ చదివి చెయ్యలేదు. తర్వాత నేను ఎంత చదివినా, ఎంతమందిని అడిగినా, అంతకు మించిన పద్ధతి దొరకలేదు. పైనుంచి చెయ్యి రాకూడదు. ఈ జీవాలు పుట్టిన ఆస్ట్రేలియా, న్యూగినీ అడవుల్లో పైనుంచి వచ్చి పడేది గుడ్లగూబ. మీరు ప్రేమతోనే చెయ్యి పెడతారు, దానికి మాత్రం చావు వచ్చి మీద పడ్డట్టే ఉంటుంది. అరచెయ్యి చాపి దాని కాళ్ళ ముందు పెట్టండి, ఎక్కితే ఎక్కుతుంది. ఎక్కకపోతే ఆ రోజు వదిలెయ్యండి. తోక పట్టి మాత్రం ఎప్పుడూ ఎత్తొద్దు.

రెండోది, వేళ. మీ పిల్లలు బడి నుంచి రాగానే నాలుగింటికి దాన్ని లేపి ఆడిస్తున్నామని రాశారు. నాలుగింటికి దానికి నడిరాత్రి. మిమ్మల్ని రాత్రి రెండింటికి లేపి ఒళ్ళో వేసుకుని నిమిరితే మీరూ కరుస్తారు. పగలు దాన్ని చిన్న గుడ్డ సంచిలోనే నిద్రపోనిచ్చి, ఆ సంచి మెడలో వేసుకుని మీ పని మీరు చేసుకోండి. నేను బెల్లాన్ని మెడలో వేసుకుని వందల బ్లౌజులు కుట్టాను. నా వాసన, నా గొంతు, మిషన్ చప్పుడు అన్నీ దానికి అలవాటైపోయాయి. నేను కట్టి విడిచిన పాత చీర ముక్క ఒకటి సంచిలో వేసేదాన్ని. సుమారు రెండు నెలలకు తనంతట తాను భుజం మీదికొచ్చి కూర్చుంది. రాత్రిపూట కొందరు బాత్రూంలో తలుపేసుకుని వదులుతారు, మంచిదే, కానీ బకెట్లు ఖాళీగా ఉండాలి. మా వీధిలో నీళ్ళు రోజు మార్చి రోజు వస్తాయి, డ్రమ్ములు ఎప్పుడూ నిండుగానే ఉంటాయి. మూత లేని డ్రమ్ములో పడితే ఆ నున్నటి గోడ ఎక్కి రాలేదు. సీలింగ్ ఫ్యాను సంగతి వేరే చెప్పక్కర్లేదు, అది బయట ఉన్నంతసేపూ ఆపాల్సిందే.

ఇక గోళ్ళు. పగలు, కడుపు నిండి గాఢనిద్రలో ఉన్నప్పుడే తియ్యాలి, ఇద్దరు ఉండాలి. పాప సంచిని ఒళ్ళో పెట్టుకుని తల కప్పి ఉంచుతుంది, నేను ఒక్క కాలు మాత్రం బయటికి తీస్తాను. చంటిపిల్లల నెయిల్‌కట్టర్ చాలు. గోటి లోపల గులాబీ రంగు కనబడే చోటు దాకా పోవద్దు, అది రక్తం. చివర వంకర తిరిగిన తెల్లటి కొక్కెం మొన తీస్తే చాలు. ముందు కాళ్ళకు అయిదేసి గోళ్ళు. వెనక కాలి బొటనవేలికి గోరే ఉండదు. దాని పక్క రెండు వేళ్ళు కలిసిపోయి ఉంటాయి, ఆ రెండింటి గోళ్ళు ముట్టొద్దు. అవి దాని దువ్వెన, వాటితోనే బొచ్చు దువ్వుకుంటుంది. మిగిలినవి రెండేసి. అంటే మొత్తం పద్నాలుగు. ఒక్కరోజే పద్నాలుగూ తీసెయ్యాలని కూర్చోవద్దు. నేను రెండో మూడో తీసి, వేలి మీద చుక్క తేనె నాకించి వదిలేస్తాను. మిగతావి మరోరోజు. ముందు కాలి చిటికెన వేలి నుంచి వెనక కాలిదాకా ఎగరడానికి పల్చటి చర్మం ఉంటుంది, అది మడత పడి కట్టర్ నోట్లోకి వస్తుంది, చూసుకోండి. పొరపాటున రక్తం వస్తే అద్దడానికి కార్న్‌ఫ్లోర్ దగ్గర పెట్టుకోండి.

స్నానం ఎందుకొద్దన్నానంటే, నూరు నూట ఇరవై గ్రాముల ప్రాణి. చీనీకాయంత బరువు కూడా ఉండదు. తడిస్తే ఒంట్లో వేడి నిలవదు. వాసన వస్తోందని చాలామంది కడిగేస్తారు. ఆ వాసనతోనే అవి ఒకదాన్నొకటి గుర్తుపడతాయి. బోనూ సంచులూ అన్నీ ఒకేసారి ఉతికేసినా కంగారుపడి ఇంకా ఎక్కువ వాసన పూస్తాయి. ఈ వారం సంచి ఉతికితే వచ్చే వారం బోను కడగండి.

మీరు అడగకపోయినా ఒకటి చెప్పాలి. మీ దగ్గర ఒక్కటే ఉందని రాశారు. గుంపుగా బతికే జీవాన్ని ఒంటరిగా అమ్మడం పాపం, అట్ల అమ్మేవాళ్ళను చూస్తే నాకు ఒళ్ళు మండుతుంది. ఆరు నెలలకు బెల్లం తన తోక మొదట్లో బొచ్చు పీక్కోవడం మొదలుపెట్టింది. మా ఊళ్ళో ఒక డాక్టరు దగ్గరికి తీసుకెళ్తే ఉడుత అనుకుని పేల మందు రాసిచ్చాడు. గేదెలకూ గొర్రెలకూ వైద్యం చేసే మనిషి, ఇట్లాంటిది ఎప్పుడూ చూసి ఉండడు, నిజమే. కానీ తెలీనప్పుడు తెలీదని చెప్పాలి కదా. ఇది ఉడుత కాదు, కంగారూలాగ కడుపు సంచిలో పిల్లను పెంచే జాతి. ఆ మందు వాడకుండా బెంగళూరు వెళ్ళాం. అక్కడి డాక్టరమ్మ చూసి “దీనికి తోడు లేదా?” అని అడిగింది. ఒంటరితనం ముదిరితే తమ తోకా కాళ్ళూ తామే కొరుక్కుంటాయట. అప్పుడు చిట్టిని తెచ్చాం. రెండు బోన్లూ పక్కపక్కన పెట్టి, సంచులు మార్చి మార్చి వేసి, నెలరోజుల తర్వాత కలిపాం. బొచ్చు మళ్ళీ వచ్చింది. నన్నడిగితే మీ దానికి కోపమూ కాదు, పొగరూ కాదు. సగం ఒంటరితనం, సగం నిద్రలేమి.

వెనక కాళ్ళు ఈడుస్తుంటే, ముట్టుకోగానే అరుస్తుంటే మాత్రం ఇవేవీ చెయ్యొద్దు, వెంటనే డాక్టరుకు చూపించండి. కాల్షియం తక్కువై ఎముకలు మెత్తబడితే అట్ల అవుతుంది. మన జిల్లాలో ఏ ఇంట్లో చూసినా సెనక్కాయలే, వచ్చినవాళ్ళంతా రెండు గింజలు పెడతారు. వాటిలో భాస్వరం ఎక్కువ, కాల్షియం తక్కువ. రోజూ పెడితే కీడే. చుట్టాలొస్తే గింజలు చేతికివ్వకండి. మా పక్కింటాయన అయితే దాని కళ్ళు చూసి, మన అడవుల్లో పెద్ద కళ్ళతో ఉండే దేవాంగ పిల్లి అనుకుని ఫారెస్టువాళ్ళు కేసు పెడతారని భయపడ్డాడు. ఆ భయం న్యాయమే, దేవాంగ పిల్లిని ఇంట్లో పెంచడం నేరం. అందుకే ఇది వేరే జాతి అని నేనే కూర్చోబెట్టి చెప్పాను. ఇంకొందరు వీడియోల కోసం వీటికి గౌన్లు తొడుగుతున్నారు. నేను కుట్టేదాన్నే కదా, ఇద్దరు వచ్చి కుట్టివ్వమని అడిగారు, కుదరదన్నాను. ఆ గౌను దాని ఎగిరే చర్మాన్ని కట్టేస్తుంది, గోరు చిక్కేందుకు ఇంకో దారం కూడా ఇస్తుంది.

సంచి మాత్రం ఎవరడిగినా కొలతలు చెప్తాను. ఫ్లీస్ దుప్పటి గుడ్డ తీసుకోండి, టర్కీ తువ్వాలు వద్దు, దాని నిండా ఉంగరాలే. వెడల్పు ఆరు అంగుళాలు, లోతు ఎనిమిది. రెండు పొరలు కుట్టి, గుడ్డ అంచులు రెండు పొరల మధ్యకు పోయేటట్టు తిరగెయ్యండి, లోపలి వైపు ఒక్క దారం కూడా కనబడకూడదు. కుట్టు సన్నగా, దగ్గర దగ్గరగా ఉండాలి. అంచు మీద దారం చుట్టుకుంటూ పోయే ఓవర్‌లాక్ కుట్టు వద్దు. తయారయ్యాక మీ చిటికెన వేలి గోటితో లోపలంతా గీకి చూడండి. మీ గోరు ఎక్కడైనా తట్టుకుంటే ఆ కుట్టు విప్పి మళ్ళీ వెయ్యండి.