వాన గట్టిగా పడితే వీశాట్ నెమ్మదిస్తోంది, ప్లాన్ పెంచుకోవాలా?

భూపాలపల్లి వైపున్న మీ బ్యాంకు శాఖలో వాన దంచినప్పుడల్లా వీశాట్ (చిన్న డిష్‌తో ఉపగ్రహం ద్వారా నడిచే డేటా కనెక్షన్) లింక్ నెమ్మదిస్తోందని, బ్యాండ్‌విడ్త్ రెట్టింపు చేసుకుంటే సరిపోతుందా అని అడిగారు. ములుగు, ఏటూరునాగారం ప్రాంతాల్లో ఆరు వానాకాలాలు ఇలాంటి లింకులు చూసుకున్నాను కాబట్టి చెబుతున్నాను: ముందే ఆ డబ్బు కట్టకండి.

ఈ లింకులు వాడే కేయూ బ్యాండ్ రేడియో తరంగాలను చినుకులు పీల్చుకుంటాయి, చెదరగొడతాయి. రోజంతా పట్టే ముసురుతో పెద్దగా నష్టం లేదు. కుండపోతగా కురిసే ఆ పావుగంట, అరగంటలోనే సిగ్నల్ కుంగుతుంది. డీవీబీ-ఎస్2 అనే ఉపగ్రహ ప్రసార పద్ధతిలో పనిచేసే లింక్ అప్పుడు తెగిపోకుండా ఉండేందుకు ఎక్కువ డేటా పట్టే 16ఏపీఎస్‌కే 3/4 అనే సంకేత రూపం నుంచి, తక్కువ పట్టినా గట్టిగా నిలిచే క్యూపీఎస్‌కే 1/2 దాకా మెట్లు దిగుతుంది, దాంతో అదే స్పెక్ట్రమ్‌లో పట్టే డేటా మూడో వంతుకు పడిపోతుంది. బ్యాండ్‌విడ్త్ పెంచడానికి పైకి పంపే వైపు క్యారియర్‌ను (డేటాను మోసే తరంగాన్ని) వెడల్పు చేస్తే మరింత చేటు, ఎందుకంటే బీయూసీ (డిష్ నుంచి ఉపగ్రహానికి సిగ్నల్ పంపే పరికరం) శక్తి మారదు గనుక వెడల్పు రెట్టింపైతే సిగ్నల్ నాణ్యత 3 డెసిబెళ్లు, అంటే సగానికి, తగ్గుతుంది.

ఏటూరునాగారం దగ్గర ఒక శాఖలో మేము రెండేళ్లు వాననే తప్పుపట్టాము. ఒకరోజు వాన వెలిసి గంట దాటినా మోడెమ్‌లో సిగ్నల్ రీడింగ్ పెరగకపోవడంతో నిచ్చెన వేసుకొని చూస్తే, ఫీడ్‌హార్న్ (డిష్ ముందు సిగ్నల్ వచ్చిపోయే గొట్టం) మూతకు వెంట్రుకంత పగులు కనిపించింది. విప్పి వంచితే చెంచాడు నీళ్లు కారాయి. కనెక్టర్ లోపల పచ్చగా చిలుము పట్టి ఉంది. రెండూ మార్చి, కనెక్టర్‌కు రబ్బరు టేపు బిగించి, నీరు జారిపోయేలా కేబుల్‌ను కిందికి వంపు తిప్పి కట్టాము. ఆ తరువాత మామూలు వానకు లింక్ కదలలేదు. వాన పడుతుండగా మాత్రం డిష్‌ను తిప్పకండి. అప్పుడు కుదిరిందనుకున్న దిశ తెరిపివ్వగానే తప్పని తేలుతుంది.

2023 జూలైలో ములుగు జిల్లా లక్ష్మీదేవిపేటలో 24 గంటల్లో 649.8 మిల్లీమీటర్లు కురిసింది. అలాంటి వానను తట్టుకునే మార్జిన్ (అదనపు సిగ్నల్ బలం) ఎవరూ పెట్టలేరు గనుక, మిగిలిన ఇరుకు దారిలో ఏది ముందు వెళ్లాలో రౌటర్‌లో ఇప్పుడే రాసిపెట్టండి: నగదు లావాదేవీలు మొదట, మెయిల్ తరువాత, సీసీ కెమెరా దృశ్యాలు, కంప్యూటర్ అప్‌డేట్లు రాత్రికి. ఆకాశం నిర్మలంగా ఉన్న రోజు రీడింగ్‌ను గోడ మీద రాసి ఉంచండి. అది బాగుండి కూడా వానకు లింక్ తెగుతుంటే, ప్లాన్ బదులు 1.2 మీటర్ల డిష్ స్థానంలో 1.8 మీటర్లది అడగండి, సుమారు 3.5 డెసిబెళ్లు కలిసి వస్తాయి.