బోర్లించి చూడు, చిన్నీ

చిన్నీ,

నువ్వు కొత్త అద్దె ఇంటికి వాడిన సామాను కొంటానన్నావని నిన్న మీ అమ్మ ఫోన్ చేసి అరగంట వాయించింది. "ఉద్యోగం చేస్తున్న పిల్ల, కొత్త మంచం కొనుక్కోలేదా? ఎవరు పడుకున్న మంచమో ఏమో!" అని. "వదినా, నీ పెళ్లికి మీ అమ్మమ్మగారి పందిరిమంచం వచ్చిందే, దాని మీద అంతకుముందు ఎవరూ పడుకోలేదా?" అన్నాను. ఫోన్ పెట్టేసింది. ఆ గొడవ నేను చూసుకుంటాను. పసుపు నీళ్లు చల్లి తుడిచానని చెప్పు, చాలు.

నువ్వు పంపిన ఫొటోలు చూశాను. సోఫా, డైనింగ్ టేబుల్, డ్రెస్సింగ్ టేబుల్, టీవీ యూనిట్. రెండు గదుల అద్దె ఇంటికి, అదీ ఒక్కదానివి ఉండబోయే ఇంటికి ఇన్నెందుకే? మంచం, బీరువా, ఒక బల్ల, రెండు కుర్చీలు, ఫ్రిజ్‌తో దిగు. నెల రోజులు ఉన్నాక ఎండ ఎటు నుంచి పడుతుందో, నువ్వు ఎక్కడ కూర్చుని అన్నం తింటావో నీకే తెలుస్తుంది. కింద కూర్చుని తినే అలవాటున్న వాళ్లింట్లో డైనింగ్ టేబుల్ ఉతికిన బట్టలు పోసుకోవడానికే. మా ఇంట్లో అంతే అయింది.

ఇక అసలు సంగతి. ఏ వస్తువైనా పైన చూసి మురిసిపోకు, బోర్లించి చూడు. పైన పాలిష్ కొట్టి అమ్ముతారు, అడుగున ఎవరూ కొట్టరు. బల్ల కిందికి వంగు, సొరుగు పూర్తిగా బయటికి లాగు, అంచు పట్టీ ఊడిన చోట లోపల ఏముందో చూడు. మడత కాజాలా పొరలు పొరలుగా కనిపిస్తే ప్లైవుడ్. పల్లీ చిక్కీలా ముక్కలు అదిమినట్టుంటే పార్టికల్ బోర్డు. పైనున్న చార అంచు మీదుగా కిందికి దిగితే అది అసలు కర్ర. పార్టికల్ బోర్డుకి నీళ్లు తగిలితే కాళ్ల దగ్గర ఉబ్బుతుంది, మళ్లీ తగ్గదు. విప్పి బిగించిన ప్రతిసారీ స్క్రూలకి పట్టు వదులవుతుంది. అద్దె ఇళ్లు మారేవాళ్లకి అది ఊరికే ఇచ్చినా దండగే. కర్ర కుర్చీ కాలు ఊగుతున్నా తీసుకో, బాగుచేసుకోవచ్చు.

ఎలాగంటావా? ఊగే కాలు బయటికి లాగి, పాత జిగురంతా చాకుతో గీకెయ్. అది గీకకుండా కొత్తది పూస్తే నిలవదు. ఫెవికాల్ పూసి బిగించి, తాడు చుట్టి, తాడులో కర్ర పెట్టి మెలితిప్పి రాత్రంతా వదిలెయ్. పగులుంటే ఫెవికాల్‌లో రంపపు పొట్టు కలిపి ముద్దలా కూరు. ఆరాక గరుకు కాగితంతో రుద్దితే పగులున్న చోటు వెతుక్కోవాలి. పొట్టు ఏ వడ్రంగి కొట్లోనైనా ఊరికే ఇస్తారు.

పురుగు సంగతి మాత్రం అశ్రద్ధ చెయ్యకు. కర్రని వేలి కణుపుతో తట్టు. డొల్లగా మోగితే చెదలు తినేసినట్టే. సన్నటి చిల్లులుంటే కింద పేపరు పరిచి కాలిని గట్టిగా కొట్టు. మైదాలాంటి పొడి రాలిందా, పురుగు లోపలింకా పనిలోనే ఉంది, వచ్చెయ్. మంచమైతే పట్టె కోడులో దిగే సందుల్లో టార్చి వేసి చూడు. పెన్ను సిరా చుక్కల్లాంటి నల్ల మచ్చలు నల్లుల ఆనవాళ్లు. పరుపు, దిండ్లు, గుడ్డ సోఫా మాత్రం వాడినవి వద్దు, ఎంత తక్కువకిచ్చినా సరే. పరుపు కొత్తది కొనుక్కో. డబ్బు పెట్టాల్సింది అక్కడే.

వెళ్లే ముందు టేపు పెట్టి మీ గుమ్మం, మెట్ల మలుపు కొలుచుకో. 1996లో మేం హైదరాబాద్ చిక్కడపల్లిలో రెండో అంతస్తులో ఉండేవాళ్లం. మీ మామయ్య మోజుపడి ఒక డబుల్ కాట్ తెచ్చాడు, తలవైపు చెక్క విడిగా ఊడేది కాదు. మెట్ల మలుపులో ఇరుక్కుంది. ముందుకి పోదు, వెనక్కి రాదు. పై వాటా వాళ్లు దాని కింద నుంచి దూరి ఆఫీసుకెళ్లారు. హమాలీలు మాత్రం తీరిగ్గా బీడీలు ముట్టించారు. చివరికి తాళ్లు కట్టి బాల్కనీలోంచి లాగాం, రెట్టింపు కూలి అయింది. అందుకే విడి భాగాలుగా ఊడే మంచమే చూడు. ట్రాలీ ఆటో, హమాలీ, ఎన్నో అంతస్తు, అన్నీ కలుపుకునే బేరమాడు.

బీరువా కాళ్ల దగ్గర తుప్పు చూడు, లాకర్ తాళం చెవి ఉందో లేదో అడుగు. ఫ్రిజ్ తలుపులో పది రూపాయల నోటు పెట్టి మూసి లాగు. సులువుగా జారి వస్తే రబ్బరు పోయిందన్నమాట. కరెంటు ఆదాకి ఇచ్చే స్టార్లు చూసి మురిసిపోకు, ఆ స్టికర్ మీదున్న సంవత్సరం, ఏడాదికెన్ని యూనిట్లో చూడు. పాత లెక్క ప్రకారం ఇచ్చిన అయిదు స్టార్లు ఇప్పటి అయిదుతో సమానం కాదు. ఫ్రిజ్‌ని నిలబెట్టే తేవాలి. ఆటోవాడు పడుకోబెట్టి తెస్తే, దింపి నిలబెట్టాక కొన్ని గంటలైనా ఆగి ఆన్ చెయ్. కంప్రెసర్‌లోని ఆయిలు వెనక్కి దిగాలి.

ఎక్కడ కొనాలంటావా? పురానాపూల్ దగ్గర జుమేరాత్ బజార్ గురువారం, ఎర్రగడ్డ సంత ఆదివారం. తిరిగి చూడు, మొదటిరోజే కొనకు. వాటికంటే నాకు నచ్చేది నెలాఖర్లో ఇల్లు ఖాళీ చేసేవాళ్లు, అమెరికా వెళ్లేవాళ్లు అమ్మే సామాను. ఒకటో తారీఖుకి ఇల్లు అప్పగించాలన్న తొందర వాళ్లది. చూడ్డానికి ఒంటరిగా పోకు, స్నేహితురాలిని వెంటబెట్టుకో.

ఆన్‌లైన్‌లో అయితే వస్తువు కళ్లారా చూడకుండా రూపాయి కూడా పంపకు. "మిలిటరీలో ఉన్నాను, బదిలీ అయింది, అడ్వాన్స్ పంపితే సామాను లారీలో వస్తుంది" అంటే ఫోన్ పెట్టెయ్. నీకు డబ్బు పంపుతానని క్యూఆర్ కోడ్ స్కాన్ చెయ్యమన్నా అంతే. మనకి డబ్బు రావడానికి పిన్ కొట్టక్కర్లేదు.

కుర్చీలు రెండన్నాను కదా, ఒకటే కొను. మా అటక మీద మీ తాతయ్య పడక్కుర్చీ ఉంది. గుడ్డ చిరిగిపోయింది కానీ చెక్క టేకుది, బోర్లించి చూశాను. గుడ్డ కుట్టించి పెడతాను, ఆటో నువ్వు మాట్లాడుకో.

మీ అత్తయ్య