కనుమ సాయంత్రం అండమాన్ నుంచి అమ్మకు వీడియో కాల్

చిత్తూరు వైపు ఊళ్లో ఉన్న అమ్మకు కనుమ సాయంత్రం అండమాన్ బీచ్ నుంచి వీడియో కాల్‌లో సముద్రం చూపించాలనుకుంటున్నారు, నెట్ అందుతుందో లేదోనని మీ బెంగ. కానీ చిక్కు నెట్‌తో కాదు, పొద్దుతో. గడియారం ఒకటే అయినా అండమాన్ చిత్తూరుకు బాగా తూర్పున ఉంది, దాదాపు 50 నిమిషాల ముందే పొద్దు గుంకుతుంది. జనవరిలో రాధానగర్ బీచ్‌లో ఐదుంపావు ప్రాంతంలోనే సూర్యాస్తమయం. మీ ఊళ్లో చిట్లాకుప్ప (కనుమ సాయంత్రం పశువుల కోసం వేసే మంట) వెలిగించే వేళకు అమ్మకు సముద్రం చూపిద్దామనుకున్నారు కదా, అప్పటికి అక్కడ చీకటే.

1. నాలుగున్నరకే కాల్ చేయండి. ఆ టైముకు అమ్మ పశువుల పనిలో ఉంటారు, కాబట్టి ముందురోజే చెప్పి పెట్టండి. అందరూ మరిచిపోయేది ఇదే.

2. బీచ్‌లో సిగ్నల్ లేకపోతే టెన్షన్ వద్దు, వీడియో తీసి రూముకెళ్లి పంపండి.

3. చీకటిపడ్డాక రూము వైఫైతో మళ్లీ కాల్ చేయండి. ఈసారి చూపించాల్సింది అమ్మే: చిట్లాకుప్ప మంట వెలుగులో, రంగు కొమ్ములతో మీ ఆవులను. ఈ రెండో కాల్ మాత్రం వదలొద్దు.