పురపాలన: అడగండి, చెబుతాం

ప్రశ్న: మాది తిరుపతి కొర్లగుంట. గట్టి వాన పడితే వీధంతా నీళ్లే. కార్పొరేషన్‌లో డబ్బంతా యాత్రికుల రోడ్లకే పోతుందని మావాళ్ల బాధ. 50 డివిజన్ల ఊళ్లో ఎవరి పని ముందో ఎట్లా తేలుస్తారు? మేమేం చేయాల?

జవాబు: కొర్లగుంట, తాతయ్యగుంట పేర్లు చూడండి. నీళ్లు నిలిచే చోటునే గుంట అంటాం. ఉత్తరాన శేషాచలం నుంచి దిగిన నీళ్లు ఊరు దాటి దక్షిణాన స్వర్ణముఖిని చేరాల. మధ్యలో రైలు కట్ట అడ్డం. వెస్ట్ చర్చి దగ్గర అండర్‌బ్రిడ్జి మునిగేది ఊరి వాటం వల్లే. 2021 నవంబరు వరదకు పల్లపు కాలనీలన్నీ చెరువులయ్యాయి. కాబట్టి మీ వీధి వరకే కాలువ కావాలని అడిగితే ఇంజినీరు ఎస్టిమేటు వేస్తాడు, కాలువ కడతారు, నీళ్లు మాత్రం మళ్లీ నిలుస్తాయి.

డబ్బు సంగతి మీరనుకున్నంత సూటిగా లేదు. యాత్రికుల బండ్ల కోసం కట్టిన ఫ్లైఓవర్ శ్రీనివాస సేతు ఖర్చులో మూడింట రెండు వంతుల దాకా టీటీడీది, మిగిలింది స్మార్ట్ సిటీది. ఆ డబ్బు మీ వీధి కాలువకు మళ్లేది కాదు. కేంద్రం నుంచి వచ్చే ఆర్థిక సంఘం నిధుల్లో ఒక వంతు తాగునీటికీ పారిశుద్ధ్యానికే పెట్టాల. చిన్న కాలువలూ వీధి రోడ్లూ ఎక్కువగా ఇంటి పన్ను, సొంత ఆదాయం మీదే నడుస్తాయి. ఆ కొంచెం దాని కోసం గాంధీ రోడ్డు వ్యాపారికి పార్కింగు, బాలాజీ కాలనీ హాస్టలు పిల్లలకు నీళ్లూ దీపాలూ, జీవకోన వాళ్లకు కొండనీళ్ల అడ్డుగోడ కావాల. 2007లో కార్పొరేషన్ అయిన ఊరికి మొదటి పాలకమండలి ఎన్నిక 2021లో జరిగింది. అన్నేళ్లు అధికారుల పాలనలో గడిచాక, కాగితం పెట్టి అడిగే అలవాటు జనానికి తప్పిపోయింది.

అర్జీ వార్డు సచివాలయంలో ఎమినిటీస్ సెక్రటరీకి (రోడ్లు, కాలువలు, నీళ్ల వంటి వసతులు చూసే ఉద్యోగి) ఇవ్వండి, రసీదు నంబరు తీసుకోండి. అందులో మూడు సంగతులు ఉండాల: నీళ్లు ఎక్కడి నుంచి వస్తున్నాయి, ఎన్ని గంటలు నిలుస్తున్నాయి, మీ కాలువ ఏ పెద్ద కాలువలో కలుస్తుంది. వాన రోజు మోకాలు దగ్గరో గడప దగ్గరో స్కేలు పెట్టి తీసిన ఫొటో జతచేస్తే మేలు. కలిసే చోటు మీ కాలువ కంటే ఎత్తులో ఉంటే కొత్త కాంక్రీటు దండగే. అందుకే కట్టే ముందు లెవెల్స్ (ఎత్తుపల్లాల కొలతలు) తీయించమని రాయండి. వంద అడుగులకు కనీసం మూడు నాలుగు అంగుళాల వాటం లేకపోతే మట్టి పేరుకుంటుంది. పక్క వీధుల వాళ్లతో కలిసి ఒకే అర్జీ పెట్టండి. జనవరిలోపు ఇస్తే ఏప్రిల్ బడ్జెట్ లెక్కలోకి వస్తుంది. జూన్‌లో ఇచ్చేది తరచు మరుసటి ఏడాదికి పోతుంది.

సోమవారం ప్రజా సమస్యల పరిష్కార వేదికకు వెళ్తే ఆ రసీదు నంబరే చూపండి, కొత్తగా మొదలుపెట్టొద్దు.

మీ చేతిలోనూ కొంత ఉంది. మేడ మీది వాన పైపును యూజీడీలో (భూగర్భ మురుగు కాలువలో) కలిపిన ఇళ్లు ఎన్నో. వాన రాగానే మ్యాన్‌హోల్ పొంగి మురుగు వీధికెక్కేది అందుకే. ఆ పైపు తీసి ఇంకుడు గుంతకో వాన కాలువకో మళ్లించండి. అంగళ్ల ముందు కాలువ మీద వేసిన పెద్ద బండలు పూడిక తీసేవాళ్లను ఆపేస్తాయి. లేపడానికి వీలైన చిన్న బండలు వేయించండి. మన పెద్ద వానలు అక్టోబరు నుంచి డిసెంబరు దాకా. అందుకే పూడిక సెప్టెంబరులో తీయాల. మేలో గంగమ్మ జాతరకు తీసింది అప్పటికి మళ్లీ నిండుతుంది.

ప్రశ్న: ఇంటి పన్ను ముందే కడితే లాభమేమన్నా ఉందా?

జవాబు: ఉంది. ఏడాది మొత్తం ఏప్రిల్ 30 లోపు కడితే 5 శాతం రాయితీ. బకాయి పడితే నెలకు 2 శాతం వడ్డీ. కొళాయి చార్జీ వేరే ఖాతా, పన్ను రసీదులో అది కలిసిందనుకోవద్దు.