నెలలో ఏడుకి దించాలని పరుగెత్తకు తల్లీ

ప్రశ్న: డాక్టరమ్మా, నా వయసు 23. మాది ఒంగోలు దగ్గర పల్లె. తొమ్మిదో ఏట టైప్ 1 షుగర్ అని తేలింది. ఇంట్లో ఉన్నన్నాళ్లూ అమ్మే టైముకి ఇన్సులిన్ వేసేది. గ్రూప్స్ కోచింగ్‌కి అమీర్‌పేట హాస్టల్‌లో చేరాక అంతా గాడి తప్పింది. పొద్దున ఎనిమిదికి, రాత్రి ఎనిమిదికి 30/70 ఇన్సులిన్ వేసుకోవాలి. క్లాసు అయ్యి మెస్‌కి వచ్చేసరికి రెండున్నర దాటేది. ఒంటి గంటకే వణుకు, చెమటలు. క్లాసులో ఒకట్రెండుసార్లు కళ్లు తిరిగాక భయపడి పొద్దుటి డోసు సగం చేశాను. తర్వాత చాలా రోజులు అసలే వేసుకోలేదు. గదిలో వాళ్ల ముందు సూది వేసుకోవాలన్నా ఇబ్బందే. షుగర్ చూసుకోవడం ఎప్పుడో మానేశాను. పోయిన నెల వాంతులు, కడుపునొప్పి, ఆయాసం వచ్చి ఐసీయూలో పడ్డాను. ఇన్సులిన్ అందక రక్తంలో కీటోన్లు అనే ఆమ్లాలు పెరిగాయన్నారు. రెండు మూడు నెలల సగటు షుగర్ చెప్పే హెచ్‌బీఏ1సీ పరీక్షలో 12.8 వచ్చింది. అక్కడ ఒక డాక్టరుగారు వార్డులో అందరి ముందూ “చదువుకున్నదానివేనా, రేపు కిడ్నీలు పోతే ఎవరు చూస్తారు” అని కేకలేశారు. అప్పటి నుంచి అన్నం పూర్తిగా మానేసి, రాసిన డోసు కంటే ఎక్కువే వేసుకుంటున్నాను. నెలలో ఏడుకి తెచ్చి చూపించాలని ఉంది. కానీ మెషీన్‌లో 150 ఉన్నా వణుకొస్తోంది. చూపు మసకేసింది. అరికాళ్లు మండుతున్నాయి. నా కళ్లూ కిడ్నీలూ అప్పుడే పోయాయా?
– పేరు వెయ్యొద్దు, హైదరాబాద్

జవాబు: ముందు ఇవాళ్టి నుంచే మానాల్సినవి రెండున్నాయి తల్లీ. రాసిన డోసు మీద సొంతంగా యూనిట్లు పెంచకు. అన్నం పూర్తిగా ఎత్తెయ్యకు. 30/70లో డెబ్బై వంతులు మెల్లగా, గంటల తరబడి పనిచేసే ఇన్సులిన్. రాత్రి ఎక్కువ వేసుకుని, సరిగ్గా తినకుండా పడుకుంటే నిద్రలోనే షుగర్ పడిపోవచ్చు. పక్కన ఎవరికీ నీ సంగతి తెలియని గదిలో అలా జరగడం నాకు చాలా భయం. పెంచిన డోసు సంగతి దాచకుండా ఒకటి రెండు రోజుల్లోనే నీ డాక్టరుకి చెప్పు. అన్నం మళ్లీ మొదలుపెట్టినప్పుడు ఎన్ని యూనిట్లు వేసుకోవాలో ఆయనే సరిచేస్తారు.

ఇక నెలలో ఏడు అన్న మాట. 12.8 అంటే గడిచిన రెండు మూడు నెలల్లో నీ షుగర్ సగటున 320 దగ్గర నడిచినట్టు. ఏడు అంటే సగటు 154. అన్నాళ్లు అంత ఎత్తుకి అలవాటుపడిన ఒంటిని ఉన్నపళంగా కిందికి లాగితే రెండు ఇబ్బందులు వస్తాయి. కంటి వెనక రెటీనాలో అప్పటికే మొదలైన మార్పులు కొందరిలో కొన్నాళ్లపాటు ముదురుతాయి. కొందరికి నరాలు మండుతాయి. మూడు నెలల్లో హెచ్‌బీఏ1సీ రెండు మూడు పాయింట్లకు మించి దిగినవాళ్లలో ఈ మంటని చూస్తుంటాం. నీ అరికాళ్ల మంట ముందునుంచీ ఉందా, ఆసుపత్రి నుంచి వచ్చాక మొదలైందా అన్నది నువ్వు రాయలేదు. తర్వాతే మొదలైతే నా అనుమానం దీని మీదే. దానికి మందులున్నాయి, చాలామందికి నెలల మీద నెమ్మదిస్తుంది. “ఇన్సులిన్ నాకు పడట్లేదేమో” అనుకుని మాత్రం మళ్లీ ఆపకు.

అలాగని తగ్గించుకోవడానికే భయపడొద్దు. అమెరికా, కెనడాల్లో 1983 నుంచి 1993 దాకా 1,441 మంది టైప్ 1 వాళ్లతో డీసీసీటీ అనే పరిశోధన చేశారు. అప్పటిదాకా కళ్లు బాగున్నవాళ్లలో షుగర్‌ని గట్టిగా అదుపులో పెట్టుకున్నవాళ్లకి కంటి జబ్బు మొదలయ్యే ముప్పు 76 శాతం తగ్గింది. అప్పటికే కళ్లలో కొంత మార్పు ఉన్నవాళ్లలో కొందరికి మొదటి ఏడాది అది కాస్త ముదిరిన మాట నిజమే. అయినా ఏళ్లు గడిచేకొద్దీ వాళ్ల కళ్లే మెరుగ్గా నిలిచాయి. కాబట్టి దిగాల్సిందే, మెట్టు మెట్టుగా దిగాలి.

నా దగ్గరికి వచ్చి ఉంటే ఇలా చెప్పేదాన్ని. మొదటి రెండు మూడు వారాలు ఒక్క డోసూ తప్పకూడదు, కీటోన్లు రాకూడదు, 70 కిందికి పోకూడదు. మెషీన్‌లో ఎక్కువసార్లు 150, 250 మధ్య కనిపించినా నాకు చాలు. ఆ తర్వాత కొద్దికొద్దిగా దించుకుంటూ, మూడు నెలలకి పదిన్నర, ఆరు నెలలకి తొమ్మిది, ఏడాది తిరిగేసరికి ఏడున్నర దగ్గరికి వస్తే ఎంతో సంతోషిస్తాను. నీ కళ్లూ కిడ్నీల రిపోర్టులు చూసి మీ డాక్టరు ఈ లెక్క మార్చొచ్చు.

150 దగ్గర వణుకు సంగతి. అది నీ భ్రమ కాదు. 300కి అలవాటుపడిన ఒంటికి 150 కూడా పడిపోయినట్టే అనిపిస్తుంది. వణుకు రాగానే నోట్లో చక్కెర పోసుకోకుండా వేలు గుచ్చి చూసుకో. 70 కంటే బాగా పైన ఉంటే నీళ్లు తాగి కూర్చో, పావుగంటాగి మళ్లీ చూడు, ఇంకా దిగుతోందేమో తెలుస్తుంది. 70 కింద ఉంటే ఆలస్యం చెయ్యకుండా మూడు చెంచాల చక్కెరో గ్లూకోజు పొడో నీళ్లలో కలుపుకుని తాగి, పావుగంటకి మళ్లీ చూడు. మెషీన్ చేతిలో లేనప్పుడు మాత్రం పడిపోయిందనే అనుకుని చక్కెర తీసుకో. చాక్లెట్ అక్కరకు రాదు, అందులోని కొవ్వు వల్ల షుగర్ ఎక్కడం ఆలస్యమవుతుంది. వారాలు గడిచేకొద్దీ వణుకొచ్చే అంకె తనంతట తానే కిందికి జరుగుతుంది.

చూపు మసక కూడా చాలావరకు ఇలాంటిదే. షుగర్ మారేటప్పుడు కంటి లోపలి లెన్సులో నీటి పాలు మారి పవర్ అటూ ఇటూ అవుతుంది. ఆరేడు వారాల దాకా కొత్త కళ్లజోడుకి డబ్బు తగలెయ్యకు. కానీ రెటీనా పరీక్ష మాత్రం ఈ వారమే చేయించుకో. చుక్కలు వేసి కనుపాప పెద్దది చేసి చూస్తారు. కొన్ని గంటలు చదవలేవు, క్లాసు లేని రోజు చూసుకుని ఎవరినైనా తోడు తీసుకెళ్లు. ఒక్క కంట్లోనే ఉన్నట్టుండి నల్లటి చుక్కలో తెర అడ్డం పడినట్టో కనిపిస్తే ఆ రోజే వెళ్లాలి.

నీ ఉత్తరంలో నాకు నిర్లక్ష్యం కంటే ముందు ఆ మధ్యాహ్నం రెండున్నర కనిపించింది. ఎనిమిదింటికి వేసిన 30/70లోని మెల్లటి భాగం మధ్యాహ్నానికి జోరందుకుంటుంది. పన్నెండున్నర, ఒంటి గంటకల్లా కంచం ముందు కూర్చునేవాళ్ల కోసం ఆ పద్ధతి. మెస్ గంటలతో దానికి పొత్తు కుదరదు. నీ చోట ఎవరున్నా కళ్లు తిరిగి పడేవాళ్లే, పడిపోతామన్న భయంతో డోసు తగ్గించేవాళ్లే. పద్ధతి మార్చకుండా “ఇకనుంచి జాగ్రత్తగా ఉండు” అంటే ఏం లాభం? రోజుకోసారి వేసుకునే దీర్ఘకాలపు ఇన్సులిన్ ఒకటి, తినే ముందు వేసుకునే వేగంగా పనిచేసేది ఒకటి ఇమ్మని మీ డాక్టరుని అడుగు. సూదులు రెండు నుంచి నాలుగవుతాయి, ఖర్చూ పెరుగుతుంది. కానీ భోజనం రెండున్నరకైతే సూదీ రెండున్నరకే. అంత ఖర్చు భరించలేకపోతే తినే ముందు వేసే రెగ్యులర్, మెల్లగా పనిచేసే ఎన్‌పీహెచ్ అనే రెండు ఇన్సులిన్ల వేర్వేరు సీసాలతోనూ మెరుగ్గా నడపొచ్చు. అప్పుడూ భోజనం వేళలు కాస్త చూసుకోవాలి. మార్చేదాకా పదకొండింటికి రెండు ఇడ్లీలో ఒక పుల్కానో బ్యాగులో పెట్టుకుని తిను, ఒంటి గంట లోపు ఇంకొంచెం ఏదైనా తిను.

మారేటప్పుడు సిరంజి జాగ్రత్త. మన దగ్గర 40 యూనిట్ల సీసాకి ఎర్రమూత సిరంజి, 100 యూనిట్ల దానికి నారింజ మూత సిరంజి. 100 ఇన్సులిన్‌ని ఎర్రమూత సిరంజిలో తీస్తే గీత మీద పది కనిపించినా ఒంట్లోకి పోయేది పాతిక. సీసా మీది అంకె, సిరంజి మీది అంకె పక్కపక్కన పెట్టి చూసుకున్నాకే మూత తియ్యి.

అన్నం సంగతి. ఒక కప్పు అన్నంలో దాదాపు 45 గ్రాముల పిండిపదార్థం ఉంటుంది, పుల్కాలో 15, మామూలు సైజు ఇడ్లీలో పది పన్నెండు. ఏ పూట ఎంత తింటావో అంతా ఒకే కొలతగా ఉంటే డోసు కుదర్చడం సులువు. మెస్‌లో రోజూ ఒకే గరిటెతో కొలిచి వేసుకో. కూర, పప్పు తగ్గించకు.

ఇంకొకటి చూడు. స్నానం చేసేటప్పుడు సబ్బు చేత్తో బొడ్డుకి రెండు పక్కలా, తొడల మీదా మెల్లగా రాయి. చర్మం కింద రబ్బరు ముద్దలా మెత్తగా, కాస్త ఉబ్బెత్తుగా వేళ్లకి తగిలిందా? పద్నాలుగేళ్లుగా వేసుకుంటున్నావు, తగిలే అవకాశమే ఎక్కువ. అక్కడ సూది నొప్పి తెలియదు కాబట్టి చెయ్యి అలవాటుగా అక్కడికే పోతుంది. కానీ అందులో వేసిన ఇన్సులిన్ ఒకరోజు పనిచేస్తుంది, ఒకరోజు చెయ్యదు. దాన్ని వదిలేసి కొత్త చోట్లకి మారు. అయితే మంచి చర్మంలోంచి ఇన్సులిన్ బాగా ఎక్కుతుంది, పాత డోసే వేస్తే షుగర్ పడిపోతుంది. మారే ముందే డాక్టరుని అడిగి తగ్గించుకోవాలి.

డైరీ కూడా రాయి, నిజం రాయి. పిల్లలు నాకు చూపించే పుస్తకాల్లో నెల రోజుల లెక్కా ఒకే పెన్నుతో, ఒకే ఒత్తుతో, 110, 120, 130 అని నీటుగా ఉంటే అది ముందు రాత్రి కూర్చుని నింపిందని నాకు తెలిసిపోతుంది. నిజం పుస్తకంలో నీలం, నలుపు, పెన్సిల్ అన్నీ ఉంటాయి, ఏదో మూల రక్తపు మరక ఉంటుంది, 412 ఉంటుంది, పక్కన “పెళ్లి భోజనం” అని ఉంటుంది. నాకు ఆ 412 కావాలి. దాన్ని బట్టే కదా డోసు మార్చేది. రోజుకి నాలుగుసార్లు, మూడు పూటలా తినే ముందు, పడుకోబోయే ముందు చూసి రాయి. స్ట్రిప్పుల ఖర్చు బరువని తెలుసు. ఏదైనా తగ్గించాల్సి వస్తే పడుకునే ముందుది మాత్రం వదలకు.

జ్వరమొచ్చినా, వాంతులైనా ఇన్సులిన్ పూర్తిగా ఆపకూడదు. “ఏమీ తినలేదు కదా” అని ఆపడం వల్లే ఎంతోమంది ఐసీయూకి చేరతారు. మూత్రంలో కీటోన్లు చూసే స్ట్రిప్పుల డబ్బా ఒకటి కొని పెట్టుకో. షుగర్ 250 దాటి ఒంట్లో బాగోలేకపోతే చూడు. కీటోన్లు కనిపించి, వాంతులు ఆగకపోయినా, ఊపిరి బరువైనా ఫోన్లు చేస్తూ కూర్చోకుండా ఆటో ఎక్కి ఆసుపత్రికి వెళ్లు.

కిడ్నీలు పోయాయా అన్నావు. అంత దూరం ఆలోచించే ముందు పొద్దున్నే మొదటి మూత్రంతో అల్బుమిన్–క్రియాటినిన్ నిష్పత్తి, రక్తంలో క్రియాటినిన్ చూపించుకో. తొలిదశలో బయటపడితే మందులతో వెనక్కి తిప్పగలిగిన రోజులివి. థైరాయిడ్ కూడా చూపించు, టైప్ 1 వాళ్లలో అది తరచుగా తోడొస్తుంది. పాదాల స్పర్శ పరీక్ష రెండు నిమిషాల పని.

ఆ డాక్టరుగారి కేకలు నీ మనసులో ఇంకా మోగుతున్నట్టున్నాయి. నాకు కోపమొచ్చిందమ్మా చదివి. తిట్లకి భయపడి డాక్టరు దగ్గరికి రావడం మానేసినవాళ్లని నేను చూశాను, వాళ్లంతా తెలివైనవాళ్లే. నీకు నిదానంగా చెప్పే డాక్టరుని వెతుక్కో. గదిలో ఒక్క స్నేహితురాలికైనా నీ సంగతి చెప్పి, చక్కెర ఎక్కడ పెడతావో చూపించు. స్పృహ తప్పితే నోట్లో ఏమీ పొయ్యకుండా 108కి ఫోన్ చెయ్యాలనీ చెప్పు. రాత్రుళ్లు ఏడుపొస్తోందన్నా, ఏదీ వద్దనిపిస్తోందన్నా మీ డాక్టరుకి ఆ మాటా చెప్పు, అదీ ఈ జబ్బులో భాగంగానే చూస్తాం.

ప్రశ్న: మా బాబుకి 12 ఏళ్లు. నాలుగు నెలల కిందట టైప్ 1 అన్నారు. ఇప్పుడు ఇన్సులిన్ సగానికి సగం తగ్గింది. మా ఊళ్లో ఒకాయన ఇచ్చే ఆకుపసరు వల్లే తగ్గిందని, ఇక సూది మానెయ్యమని చుట్టాలు అంటున్నారు. మాకు ఫ్రిజ్ కూడా లేదు.
– ఒక తండ్రి, కర్నూలు జిల్లా

జవాబు: మానకండి నాన్నా. జబ్బు బయటపడి ఇన్సులిన్ మొదలుపెట్టాక, ఒంట్లో ఇన్సులిన్ తయారుచేసే కణాల్లో మిగిలిన కాసిని కొన్నాళ్లు కోలుకుని పనిచేస్తాయి. పసరు తాగని పిల్లల్లోనూ డోసు ఇలాగే తగ్గుతుంది. కొన్ని నెలలకో ఏడాదికో ఆ కణాలూ అలసిపోతాయి, డోసు మళ్లీ పెరుగుతుంది. ఈ మధ్యలో సూది పూర్తిగా ఆపితే పిల్లవాడు కీటోన్లతో ఆసుపత్రి పాలవుతాడు, ప్రాణం మీదికీ రావచ్చు. ఎంత తగ్గించాలన్నది డాక్టరే చెప్పాలి, కొద్ది యూనిట్లయినా రోజూ పడాలి.

ఫ్రిజ్ లేకపోతే పెద్ద మట్టికుండలో తడి ఇసుక పోసి, అందులో చిన్న కుండ దించి, సీసాని తడవకుండా మూతున్న డబ్బాలో పెట్టి ఆ చిన్న కుండలో ఉంచండి. నీడలో, గాలి తగిలేచోట పెట్టి ఇసుక తడి ఆరకుండా రెండు పూటలా నీళ్లు చల్లండి. తెరిచిన సీసా నాలుగు వారాలకి మించి వాడొద్దు. నెలకి సరిపడా మాత్రమే కొనుక్కోండి, తెరిచిన తేదీ సీసా మీద రాయండి. తెల్లగా ఉండే ఇన్సులిన్‌లో చేతుల మధ్య దొర్లించినా కరగని పలుకులు కనిపించినా, నీళ్లలా ఉండాల్సింది మసకబారినా పారేయండి. ఎండ తగిలిందని అనుమానముంటే చూడ్డానికి బాగానే ఉన్నా వాడకండి, కొత్తది తెరవండి.