పాత చాకుకి పాలిష్ పెట్టిస్తే ధర పెరుగుతుందా?

తాతగారి మడత చాకు దొరికింది, నల్లబడి అక్కడక్కడా తుప్పు పట్టింది, పాలిష్ పెట్టిస్తే మంచి ధర వస్తుందా అని అడిగారు. రాదండీ. ఉన్న ధర కూడా పోతుంది. పాత చాకులు పోగేసే పిచ్చి నాకు ఏళ్లుగా ఉంది కాబట్టి ఇంత గట్టిగా చెప్తున్నాను.

నా స్నేహితుడొకడు ఇంగ్లండులో చాకులకి పేరుపడ్డ షెఫీల్డు ఊళ్లో తయారైన చాకు ఒకటి తెచ్చి, "ఎలా మెరిపించానో చూడు" అని చేతిలో పెట్టాడు. నిజమే, మొహం చూసుకోవచ్చు. బ్లేడు పిడిలోకి దిగే చోట భూతద్దం పెట్టి చూశాను. అది జోసెఫ్ రాడ్జర్స్ అనే కంపెనీ చాకు, వాళ్లు బ్లేడు మీద కొట్టే ముద్రలో నక్షత్రం, శిలువ ఉంటాయి. ఇక్కడ నక్షత్రానివి రెండు కొసలే మిగిలాయి, శిలువ జాడే లేదు. దాని కింద 'ఇంగ్లండ్' అని ఉండేదో లేదో ఇక తేలదు. 1890లో అమెరికా సుంకాల చట్టం తెచ్చాక, అక్కడికి వెళ్లే సరుకు మీద దేశం పేరు వేయక తప్పలేదు. అందుకే చాకు వయసు కట్టేటప్పుడు మేం ముందు ఆ మాట కోసమే వెతుకుతాం. పాలిష్ పెట్టిన మోటారు చక్రం ఆ చోటంతా నున్నగా చేసేసింది. పైగా బ్లేడు కొసన నీలం రంగు తిరిగింది, అంటే వేడెక్కి ఉక్కు మెత్తబడింది. వాడేమో "కొత్తదానిలా లేదూ?" అంటాడు! కొత్తదే కావాలంటే కొత్తది కొనుక్కోవచ్చుగా.

ఈ పాపంలో సగం వీడియోలు పెట్టేవాళ్లది. తుప్పు ముద్దని తళతళలాడించి లైకులు దండుకుంటారు, చెరిగిపోయిన ముద్ర సంగతి ఒక్కడూ ఎత్తడు. అమ్మేవాళ్లు ఇంకో రకం. కాస్త తుప్పు కనిపిస్తే చాలు, 'యాంటిక్' అనేస్తారు.

అమెరికాలోని కేస్ అనే కంపెనీ చాకులైతే మరీ సున్నితం. 1970లో ముద్ర కింద పది చుక్కలు వేసి, ఆ తర్వాత ఏడాదికొకటి తగ్గిస్తూ వచ్చారు. పాలిష్‌లో ఒక చుక్క చెరిగిందా, చాకు వయసు ఏడాది తగ్గినట్టే.

నేనైతే ముద్ర తర్వాత బ్లేడు ఎంత మిగిలిందో చూస్తాను. సానబెట్టీ సానబెట్టీ సన్నబడిన బ్లేడుకి పేరున్న కంపెనీ ముద్ర ఉన్నా పెద్దగా పలకదు. తెరిచినా మూసినా టక్కుమనాలి, పక్కలకి ఊగకూడదు.

మీది శుభ్రం చేయాలనిపిస్తే ఎర్ర తుప్పు వరకే చేయండి. ఒక చుక్క నూనె వేసి రాత్రంతా వదిలేసి, గుడ్డతో తుడవండి. బూడిద రంగు మరకలు పోగొట్టకండి, కొనేవాళ్లు వాటినే ఇష్టపడతారు. పిడి సెల్యులాయిడ్‌ది, అంటే పాతకాలపు ప్లాస్టిక్‌ది అయితే మాత్రం మిగతా చాకులతో కలిపి పెట్టొద్దు. అది పాతబడితే వదిలే ఆవిరికి పక్కవాటి బ్లేడ్లు కూడా తుప్పు పడతాయి.

ధర చెప్పమంటే మాత్రం ముందు ఫొటో కావాలి. బ్లేడు పూర్తిగా తెరిచి, ముద్ర కనిపించేలా రెండు వైపులా తీసి పెట్టండి. తుడవకుండానే తీయండి.